అప్‌డేట్: ఇండక్షన్ కాయిల్ దారికొచ్చింది

12 వోల్టుల జెడ్‌వీఎస్ బోర్డు (కాయిల్‌లో పెట్టిన లోహాన్ని మంట లేకుండా అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించే సర్క్యూట్) కాయిల్‌లో స్టీలు గొట్టం పెడితే సరిగ్గా వేడెక్కట్లేదని, మాస్‌ఫెట్లు (కాయిల్‌కి కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) మాత్రం మాడిపోతున్నాయని పోయిన వారం అడిగాను కదా. మీరన్నట్టే నాది 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతం అంటుకోదు, అందుకే సరిగ్గా వేడెక్కలేదు. ఫ్రిజ్ మీది అయస్కాంతం జేబులో వేసుకుని గాజువాకలో పాత ఇనుము కొట్టుకెళ్లి, గట్టిగా అంటుకున్న ఇనప గొట్టం ఏరుకొచ్చాను. అర నిమిషంలో ఎర్రబడింది!

మాస్‌ఫెట్లు మాడడానికి అసలు దొంగ మాత్రం బోర్డుకి కరెంటు తెచ్చే సన్న వైర్లు. లోడ్ పడగానే వోల్టేజీ 8కి జారి, మాస్‌ఫెట్లు రెండూ ఒకేసారి ఆన్‌లో ఉండిపోయేవి. లావువి, పొట్టివి వేశాక ఒక్కటీ పోలేదు.

అన్నట్టు, వేప్ కోసమా అని ఒకరు అడిగారు. కాదండీ, ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచే నిషేధం. వైజాగ్ ఉప్పుగాలికి బిగుసుకుపోయిన మా బండి నట్ల కోసం. నిన్న రెండు ఊడాయి.