‘మెటబాలిక్ రిఫ్ట్’కి తెలుగు మాట: పెంట పనికొస్తుందా?

ప్రశ్న: పర్యావరణం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. పెట్టుబడిదారీ వ్యవసాయం నేల నుంచి తీసుకున్నది నేలకు తిరిగి ఇవ్వదన్న మార్క్స్ విమర్శను అమెరికా సామాజిక శాస్త్రవేత్త జాన్ బెలమీ ఫాస్టర్ 1999లో ‘మెటబాలిక్ రిఫ్ట్’ అన్న పేరుతో ముందుకు తెచ్చాడు. నేను ‘జీవక్రియా విచ్ఛేదం’ అని రాశాను. చదివి వినిపిస్తే మా అమ్మ “ఎవరికి, షుగరా?” అంది. ఇంకో మాట చెప్పండి.

మహబూబ్‌నగర్ నుంచి: అమ్మ తప్పేం లేదు. ఇంగ్లీషు మీదుగా వచ్చేసరికి మాట ఆస్పత్రిలో పడింది. మార్క్స్ వాడింది ‘ష్టోఫ్‌వెక్సెల్’. జర్మన్‌లో ష్టోఫ్ అంటే పదార్థం, వెక్సెల్ అంటే మార్పిడి. మనిషికీ నేలకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. తిండిగా, బట్టగా ఊరి నేల సారం పట్నానికి పోయి తిరిగి రావడం లేదని ఆయన గొడవ. ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంగ్లండ్ వాళ్లు పెరూ దీవుల నుంచి పక్షుల రెట్టను ఓడల్లో తెప్పించుకున్నారు.

ఆ తిరిగి ఇచ్చే సగానికి మా దగ్గర మాట ఉంది: పెంట, అంటే దిబ్బ ఎరువు. ఎండాకాలంలో ‘పెంట తోలుడు’ పెద్ద పని. ఏడాదంతా పేడ, బూడిద, పశువులు వదిలేసిన చొప్ప పడ్డ దిబ్బ పైకి ఎండిపోయి కనిపిస్తుంది. పార దించితే లోపల నల్లగా, చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. తెల్లటి లావు పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. బండ్లకెత్తి చేన్లో కుప్పలు పోసి, మిరుగు (మృగశిర కార్తె) లోపల చల్లేవాళ్లు. దిబ్బ చాలని వాళ్లు గొర్లమందను రాత్రిళ్లు చేన్లో పెట్టించుకునేవాళ్లు. పుట్టిన పిల్లలు దక్కకపోతే పసిబిడ్డను పెంట మీద వేసి తీసి, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టుకున్నారు. మురికి మాటే అయితే బిడ్డకు పెడతారా?

హైదరాబాద్ నుంచి: బాగుంది గానీ సార్, మా దగ్గర ‘అంతా పెంట చేశావ్’ అంటే తిట్టే. శ్రీశైలం దారిలో దోమలపెంట బోర్డు చూసి బస్సులో సగం మంది నవ్వారు. వ్యాసం హెడ్డింగ్‌లో పెట్టలేం.

మహబూబ్‌నగర్ నుంచి: నల్లమలలో పెంట అంటే చెంచుల గూడెం. అప్పాపూర్ పెంటకు పోయి నవ్వమనండి చూద్దాం.

నల్గొండ నుంచి: హైదరాబాద్ అసలేమీ తిరిగి ఇవ్వదనకండి అన్నా, మూసీలో మురుగు పంపిస్తోంది కదా! వెటకారమే అనుకోండి. లండన్‌లో 45 లక్షల మంది మలాన్ని బోలెడు ఖర్చు పెట్టి థేమ్స్‌లో కలపడం కన్నా మంచి దారి వాళ్లకు దొరకలేదని మార్క్స్ కూడా ఎత్తిపొడిచాడు. ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో ఉంది, 1894లో అచ్చయింది. మూసీ మా జిల్లాలోనే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లతో వరి పండిస్తాం. కానీ అందులో ఫ్యాక్టరీల రసాయనాలూ ఉన్నాయి. దాన్ని పెంట అంటే మా తాత ఒప్పుకోడు. పెంట పొలానికి బలం, ఇది కాళ్లకు దురద.

ప్రశ్న వేసినవారు: అయితే హెడ్డింగ్ ‘ఇచ్చిపుచ్చుకోవడంలో తెగింపు’ అని పెట్టనా?

నల్గొండ నుంచి: తెగింపు అంటే సాహసం అనుకుంటారు మేడమ్. ‘తెగిన ఇచ్చిపుచ్చుకోలు’ అనండి. లోపల పెంటను మాత్రం తీసెయ్యకండి.

ప్రశ్న వేసినవారు: సరే. అమ్మకు మళ్లీ చదివి చెప్తాను.