‘విశృంఖల కణాలు’: ఇది సరైన మాటేనా?

మలక్‌పేట తమ్ముడు:
పొద్దున పేపర్ల ఆరోగ్యం పేజీ చదివి మా అమ్మ గాబరా పడ్డది. "ఒంట్ల కణాలు విచ్చలవిడిగ తిరుగుతయట, క్యాన్సరేనారా?" అన్నది. చూస్తే ఫ్రీ రాడికల్స్‌కు ‘విశృంఖల కణాలు’ అని రాసిన్రు. ఉల్లిగడ్డల, నేరేడుపండ్లల ఉండే ఫ్లేవనాయిడ్లనే మొక్కల రసాయనాలు వాటి నుంచి డీఎన్‌ఏను కాపాడుతయట. వేరే మంచి మాట ఉన్నదా?

చిక్కడపల్లి మాస్టారు:
చిక్కంతా ‘కణం’తోనే వచ్చింది. మనకు సెల్లూ కణమే, పార్టికలూ కణమే. ఫ్రీ రాడికల్ జీవకణం కాదు, జీవకణం లోపల పుట్టే అణువో, పరమాణువో. అందులో ఒక ఎలక్ట్రానుకు జోడు ఉండదు, అందుకే పక్కనున్న అణువు మీద పడుతుంది. విశృంఖలమంటే సంకెల లేనిది. ఇక్కడ లేనిది సంకెల కాదు, జోడు. తెలుగు మీడియం రసాయనశాస్త్రంలో మేం రాడికల్‌ను ‘ప్రాతిపదిక’ అని చదివాం. వ్యాకరణంలో విభక్తి చేరకముందు ఉండే నామరూపం పేరు అది. లాటిన్ రాడిక్స్ అంటే వేరు కాబట్టి బాగానే అతికింది. (రాడిష్ కూడా అందులోంచే. మన ఊళ్లో ముల్లంగిని మూలీ అనడమూ వేరుని బట్టే!) కానీ మీ అమ్మగారికి ‘స్వేచ్ఛా ప్రాతిపదిక’ అని చెబితే ఇంకా గాబరా పడతారు.

తార్నాక అక్క:
అసలు సంగతి కూడా చెప్పుకుందాం. హైడ్రాక్సిల్ రాడికల్ దాడి చేస్తే డీఎన్‌ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానీన్ 8-ఆక్సోగ్వానీన్‌గా మారవచ్చు. గ్వానీన్ జత సైటోసిన్. మారినది అడినీన్‌తోనూ జతకడుతుంది. నకలు తీసేటప్పుడు అచ్చుతప్పు పడేది అక్కడే. ఉల్లిలోని క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్ తన హైడ్రోజన్ పరమాణువునిచ్చి రాడికల్‌ను చల్లారుస్తుంది. ఒంటరి ఎలక్ట్రాన్ ఇప్పుడు ఫ్లేవనాయిడ్ దగ్గరే మిగులుతుంది, కానీ దాని అణువులోని వలయాల మీద పరుచుకుపోతుంది కనక అంత దూకుడు ఉండదు. ఇనుము, రాగి అయాన్లను పట్టి ఉంచి కొత్త రాడికల్స్ పుట్టకుండానూ చూస్తుంది. అయితే ఇదంతా పరీక్షనాళికలో స్పష్టంగా కనిపించేది. మనం తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది కొంచెమే, అదీ రూపం మారి. పేపరువాళ్లంత ధీమాగా ‘కాపాడతాయి’ అని నేను అనలేను.

ఇంకో మాట. లాటిన్‌లో ఫ్లేవస్ అంటే పసుపుపచ్చ. అలాగని మన పసుపులోని కర్‌క్యుమిన్ ఫ్లేవనాయిడ్ కాదు. వాట్సాప్‌లో ఈ తప్పు చూసీ చూసీ విసుగొచ్చింది.

మలక్‌పేట తమ్ముడు:
సరి-బేసి ఆటల బేసి ఉన్నది కద. ‘బేసి అణువు’ అంటే ఎట్లుంటది? అమ్మకు చెప్తే "జోడు తప్పిన చెప్పు లెక్కనా?" అన్నది.

చిక్కడపల్లి మాస్టారు:
అమ్మగారికి దణ్ణం. నా ఓటు బేసికే.

తార్నాక అక్క:
ఒక్క పేచీ ఉంది మాస్టారూ. గాలిలోని ఆక్సిజన్ అణువులో 16 ఎలక్ట్రాన్లు. లెక్కకు సరి సంఖ్యే, కానీ రెండింటికి జోడు లేదు. ఒకదానికొకటి జతకట్టవు కూడా, రెండింటి స్పిన్నూ (ఎలక్ట్రానుకుండే తిరుగుడు లాంటి గుణం) ఒకవైపే. దీన్నేమంటారు?

మలక్‌పేట తమ్ముడు:
రెండూ ఎడమకాలి చెప్పులే అక్కా.