వాన పడుతుంటే గాలం వెయ్యాలా, మూట సర్దాలా?

చెరువుకట్ట:
జూలై వస్తే ఇదే లొల్లి, అందుకే నా మాట ముందే చెప్తున్న. సన్నవాన గాలానికి మంచిది, ఆపాల్సిన పనే లేదు. వాగు వచ్చి చెరువులో కలిసే మూల పట్టుకోండి. పారే నీళ్లతో ఎర్రలు (వానపాములు), పురుగులు కొట్టుకొస్తయి, చేప వాటికోసం అక్కడికే వస్తది. ఎర్రనీళ్లకూ తేటనీళ్లకూ నడుమ గీత కనిపిస్తది కదా, ఆ గీతకు తేటవైపు మూరెడు దూరంల ఎర పడాలె. బురదనీళ్లల్ల చేపకు కన్ను పనిచెయ్యదు, వాసనే దారి. ఎర్రలు, కోడి కార్జం వాడండి. పిండి వాడేటోళ్లు తవుడు, పల్లిచెక్క చెరో పాలు, మైదా సగం పాలు కలిపి గట్టిగ పిసికి, చిటికెడు దూది పీచు వెయ్యండి. దూది లేకుంటే వానకు పిండి కరిగి బోడి కొక్కెమే మిగులుతది.

గోదారిగట్టు:
వాన మంచిదని గుండుగుత్తగా అనేస్తే ఎలా గురూ? ఎండల తర్వాత పడ్డ మొదటి వాన వేరు, మూడు రోజుల ముసురు వేరు. ముసురులో ఎండ లేక నీటిలో నాచు ప్రాణవాయువు తయారుచెయ్యదు, రాత్రంతా వాడకం మాత్రం ఆగదు. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. భీమవరం వైపు రొయ్యల, చేపల రైతులు మబ్బు రోజుల్లో ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే మరలు) తిప్పేది అందుకే. నోరు తెరిచిన చేప ఎర ముట్టదు. మండే ఎండ కాసిన సాయంత్రం చల్లని జోరువాన కొట్టినా అంతే: పైనీరు చల్లబడి దిగిపోతుంది, అడుగున ఉన్న ఊపిరాడని నీరు పైకి లేస్తుంది. ఆ మర్నాడు మీ ‘మూల’లో కూర్చుని ఈగలు తోలుకోవడమే.

సీసంగుండు:
అసలు సంగతి ఎవరూ ఎత్తరేం? కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. వానలో ఫైబర్ గ్లాస్ రాడ్డే వాడాలి.

చెరువుకట్ట:
ఫైబర్ గ్లాస్ తడిస్తే నీళ్లు పారియ్యవా? నీ రాడ్డు గొడుగు పట్టుకుంటదా తమ్మీ?

సీసంగుండు:
నేను అన్నది ‘కార్బన్ వద్దు’ అని. తడి గురించి అనలేదు.

చెరువుకట్ట:
వాన గురించి మాట్లాడుతూ తడి గురించి అనలేదంట!

బెండుమునిగింది:
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

గోదారిగట్టు:
రాడ్డు ఏదైతేనేం, బోడి కట్టమీద అన్నిటికంటే ఎత్తు మీరే. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు దాదాపు కిలోమీటరు. లెక్క 30 లోపు ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, రాడ్డు కింద పడుకోబెట్టి కట్ట దిగిపోవాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి, వాన వెలిసినా సరే. తాటిచెట్టు కిందికి మాత్రం పోకండి. అద్దాలెక్కించిన కారు మేలు. ఫోన్‌లో పిడుగు హెచ్చరికలిచ్చే ‘దామిని’ యాప్ పెట్టుకోండి. కడ్డీ గొడుగు నేలలో గుచ్చి దాని కింద కూర్చోవడం, కార్బన్ రాడ్డు ఎత్తి పట్టుకోవడం రెండూ ఒకటే సీసంగుండు గారూ. మీ ఫొటోలో గొడుగు కనిపిస్తోంది.

సీసంగుండు:
గొడుగు వేరు.

తడిసినరీలు:
పిడుగు వదిలి సామాను సంగతి చెప్పుకుందాం. ఫెల్ట్ వాషర్లున్న రీలు తడిస్తే బ్రేకు ఒకసారి జారుతుంది, ఒకసారి పట్టేస్తుంది. ఇంటికి రాగానే బ్రేకు వదులు చేసి గాలికి ఆరబెట్టాలి, బిగించి దాస్తే వాషర్లు అతుక్కుపోతాయి. అల్లిక దారం తడిసి రాడ్డుకు అంటుకుంటుంది, గాలివానలో రింగుల దగ్గర ముడిపడుతుంది. వానకు 0.30 లేదా 0.35 మిల్లీమీటర్ల తంగూసు హాయి. ఎర్రల డబ్బా అడుగున నాలుగు సన్నచిల్లులు పెట్టండి, నీళ్లు నిలిస్తే అన్నీ తెల్లగా ఉబ్బి చస్తాయి. గమ్ బూట్లు నల్లరేగడి కట్టమీద జారతాయి, లోతులో పడితే నీళ్లు నిండి ఈదడం, గట్టెక్కడం కష్టం. తూము దగ్గర అస్సలు దిగొద్దు.

కొత్తగాచేరా:
చిల్లు లోంచి ఎర్రలు పారిపోవా అన్నా?

చెరువుకట్ట:
ముసురు సంగతి ఒప్పుకుంటా. కానీ ముసురులో కూడా మత్తడి దుంకితే, అంటే చెరువు నిండి గోడ మీంచి పొర్లితే, లెక్క మారుతది. మత్తడి కింద నురగ నీళ్లల్ల ప్రాణవాయువుకు కొదవ లేదు, చేప ఎదురెక్కి అక్కడ గుంపు కడతది. ఎనిమిదో నంబరు కొక్కెం, రెండు ఎర్రలు, సీసం కొంచెం బరువుది. వద్దంటే పడతయి.

గోదారిగట్టు:
మత్తడి అంటే మా కళింగే కదా? పాకుడు పట్టిన రాళ్లు జాగ్రత్త. కింద సుడిలో పడినవాణ్ణి నీరు మళ్లీ గోడ దగ్గరికే లాగుతుంది.

బెస్తవాడ:
రెండు రోజుల నుంచి చూస్తున్న. రాడ్డు, గొడుగు, పాకుడు. మత్తడి మీదికెళ్లి పోయేటి చేప ఎవరిదని ఒక్కరన్న అడిగిన్రా? మా మత్స్యకార సంఘపోళ్లం చేపపిల్లలేసి, మత్తడికి జాలి కట్టి, ఏడాది కాపలా కాస్తం. వరదకు జాలి తెగంగనే కింద మీ గాలాలు రెడీ!

చెరువుకట్ట:
మత్తడి దుంకిన చేప వాగుది. పిల్లలు 2016 నుంచి తెలంగాణ సర్కారు ఊకెనే ఇస్తుంది కదా.

బెస్తవాడ:
ఊకెనే ఇస్తే కాపలా కూడా ఊకెనే అయితదా? మీరు బిర్యానీల కోసం వస్తరు, మాకు ఏడాదికి ఒక్క పట్టుడు.

సీసంగుండు:
గుడ్లతో ఉన్న చేపను పట్టకూడదు అంతే. మన తూర్పుతీరం సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపట్లేదా?

చెరువుకట్ట:
అది సముద్రం. రవ్వ (రోహు), బొచ్చె (కట్ల) చెరువులో గుడ్లతో ఎంత ఉబ్బినా మామూలుగ నిలువ నీళ్లల్ల పెట్టవు, వాటికి వరద పారే ఏరు కావాలె. ఆ పిల్లలు సూదిమందు వేసి హేచరీల పుట్టినయే. 1957లో ఒడిశాలో ఆ పద్ధతి కుదిరినంక దేశం మొత్తం అట్లనే. గుడ్ల రవ్వను పట్టినా చెరువుకు పిల్ల తగ్గదు.

గోదారిగట్టు:
రవ్వ విషయంలో మీరు చెప్పింది నిజమే. మరి కొర్రమీను? అది గడ్డి మధ్య నిలువ నీటిలోనే పెడుతుంది. పిల్లలు ఎర్రగా ముద్దగా నీటి మీద తేలుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ ముద్ద దగ్గర కప్ప ఎర ఆడిస్తే మీదకు దూకేది ఆకలికి కాదు, కోపానికి. వానాకాలంలో ‘భలే పడుతున్నాయి’ అని ఫొటోలు పెట్టేది ఎక్కువగా ఇవే.

చెరువుకట్ట:
నేను మత్తడి గురించి చెప్తుంటే నువ్వు కొర్రమట్ట గురించి...

బెస్తవాడ:
మా చెరువుల అదొక్కటే సొంతంగ పుట్టి, మంచి ధర పలికేది. సర్కారు రాష్ట్ర చేప అని పేరు పెట్టింది కూడా దానికే.

చెరువుకట్ట:
సరే, ముల్లు నొక్కేసిన కొక్కెంతో పట్టి, అక్కడికక్కడే వదిలితే?

గోదారిగట్టు:
మీరు కొక్కెం తీసి, ఫొటో దిగి వదిలేలోపు పిల్లల చుట్టూ జిలేబీ చేపలు చేరిపోతాయి. పిల్లల ముద్ద కనిపిస్తే ఆ మూల వదిలి పక్కకు పోవడమే. మత్తడి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.

బెస్తవాడ:
తేలేదేముంది, సంఘం కాడ రసీదు రాయించుకొని కట్టమీద కూసోండి. మత్తడి కిందికి రాకుండ్రి.

చెరువుకట్ట:
రసీదు ఎంతో?

కొత్తగాచేరా:
అన్నా, డబ్బా చిల్లు ఎంత లావు?