యానిమల్ ఫిజియాలజీ ప్రొఫెసర్ కావాలంటే: నెట్ ముందా, పీహెచ్‌డీ ముందా? ప్రాజెక్టు సందేహం కూడా

సిక్కోలు_జువాలజీ:
శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి సెమిస్టర్. ఫిజియాలజీలో ప్రొఫెసర్ కావాలని ఉంది. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయాలా, పీహెచ్‌డీలో చేరాలా? ఇంకొకటి, ప్రాజెక్టుకి చేప తీసుకునే ఆక్సిజన్ కొలుస్తున్నాను. కొరమీను, మూత బిగించిన జాడీ, వింక్లర్ పద్ధతి (నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని టైట్రేషన్‌తో కొలవడం). రోజుకో అంకె వస్తోంది. తప్పెక్కడండి?

లెక్చరర్_విజయనగరం:
ముందు నెట్ రాయండి. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి నెట్, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఒకటి ఉంటే చాలు. నెట్‌లోనే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ కూడా సాగుతుంది. సైన్సు వాళ్లు రాసే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో ఏడో యూనిట్ మనదే, యానిమల్ ఫిజియాలజీ. ప్రశ్నపత్రం పార్ట్ సీలో 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పు రాస్తే ఒకటి పోతుంది. అందుకే తెలియనిది ముట్టుకోవద్దు. పీహెచ్‌డీ మాత్రం మానొద్దు. నేరుగా ప్రొఫెసర్ పోస్టుకి అదీ, 10 ఏళ్ల అనుభవమూ, 10 పరిశోధన పత్రాలూ అడుగుతారు.

చేపల_ల్యాబ్:
తప్పు చేప దగ్గరే మొదలైంది. కొరమీను పైకొచ్చి గాలి మింగుతుంది. మూత బిగిస్తే కొట్టుకుని, చివరికి ఊపిరాడక చస్తుంది. 20 గ్రాముల తిలాపియా తీసుకోండి. వారం తొట్టెలో అలవాటు చేసి, కొలిచే ముందు 24 గంటలు మేత ఆపండి. అరుగుదలకీ ఆక్సిజన్ ఖర్చవుతుంది. రెండు లీటర్ల జాడీలో వేశాక రెండు గంటలు నీళ్లు పారనిచ్చి, బెదురు తగ్గాక మూయండి. గంట చాలు. ఆక్సిజన్ లీటరుకి 4 మి.గ్రా. కంటే దిగితే ఆ రీడింగు వదిలేయండి. నీటి ఉష్ణోగ్రత ప్రతిసారీ రాసుకోండి, పది డిగ్రీలు పెరిగితే వినియోగం రెండింతలైనా అవుతుంది.

లెక్చరర్_విజయనగరం:
టైట్రేషన్ కూడా చూసుకోండి. 300 మి.లీ. బీఓడీ సీసాని (నీళ్లలో ఆక్సిజన్ పరీక్షకి వాడే గాజుసీసా) సైఫన్ గొట్టంతో అడుగు నుంచి నింపి పొర్లనివ్వండి, బుడగ మిగలకూడదు. మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 2 మి.లీ., పిపెట్ మొన నీళ్ల లోపలే ఉండాలి. గోధుమరంగు మడ్డి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ. అందులోంచి 203 మి.లీ. తీసి 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే, ఖర్చయిన ఒక్కో మి.లీ. లీటరుకి 1 మి.గ్రా. ఆక్సిజన్. లేత గడ్డిరంగుకి వచ్చాకే స్టార్చి వేయాలి. థయోసల్ఫేట్ నిలవుంటే బలం తగ్గుతుంది, వారానికోసారి డైక్రోమేట్‌తో సరిచూడండి.

సిక్కోలు_జువాలజీ:
మొదటి అంకెలోంచి చివరిది తీసేసి, జాడీ లీటర్లతో గుణించి, బరువుతో, గంటలతో భాగించాలి. అంతేనా అండి?

చేపల_ల్యాబ్:
అంతే. కానీ చేప లేని జాడీ ఒకటి పక్కనే పెట్టి, అందులో తగ్గినది ముందు తీసేయండి, నీళ్లలోని సూక్ష్మజీవులూ ఆక్సిజన్ వాడుకుంటాయి. 20 గ్రాముల చేప ఉంటే నీళ్లు 2 లీటర్లు కాదు, 1.98.