మందుకు ‘అలవాటు’ పడేది ఎవరు? – పసిగట్టు, లొంగు

పర్లాకిమిడి నుంచి:
తెలుగు బడి గోడపత్రికకు రెండు వాక్యాలు వచ్చాయి. ‘యాంటీబయాటిక్ మాటిమాటికీ వాడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది’. ‘బ్యాక్టీరియా మందును గ్రహించి నిరోధకత పెంచుకుంటుంది’. వీటిలో ఏది ఉంచాలి?

బరంపురం నుంచి (మైక్రోబయాలజీ):
రెండూ వద్దండీ. నిద్రమాత్రకు ఒళ్లు అలవాటు పడుతుంది. యాంటీబయాటిక్ విషయంలో మారేది మన ఒళ్లు కాదు, క్రిమి. అందుకే ఆ మందు ఎన్నడూ మింగని మనిషికీ మందుకు లొంగని క్రిమి సోకుతుంది. ఇక ‘గ్రహించి’ అంటే తెలుసుకుని అనీ వస్తుంది, లోపలికి పీల్చుకుని అనీ వస్తుంది. ఇక్కడ ఆ రెండో అర్థం ప్రమాదం. ‘పసిగట్టి’ అనండి.

జయపురం నుంచి:
పసిగట్టడం కుక్కకూ పులికీ చెల్లుతుంది గానీ, ముక్కు లేని క్రిమికి ఎలా గురువుగారూ?

బరంపురం నుంచి:
‘పసి’ అంటే వాసన. అణువు వచ్చి గ్రాహకానికి (దాన్ని గుర్తుపట్టే ప్రోటీన్‌కు) తగలడమే వాసన కనుక మాట అచ్చంగా అతుకుతుంది. క్రిమిలో టెట్‌ఆర్ అనే ప్రోటీన్ డీఎన్ఏ మీద కూర్చుని, మందును తోడే పంపు తాలూకు జన్యువును మూసి ఉంచుతుంది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మెగ్నీషియంతో జతకట్టి టెట్‌ఆర్‌కు అంటుకోగానే అది పట్టు వదిలేస్తుంది. అప్పుడు పంపు తయారై మందును బయటికి తోడేస్తుంది.

అయితే అన్ని చోట్లా ఇలా ఉండదు. ఎంటెరోబాక్టర్ వంటి బ్యాక్టీరియాలో యాంప్‌ఆర్ అనే ప్రోటీన్ పెన్సిలిన్ తరహా మందును చూడనే చూడదు. మందు దెబ్బకు కణగోడ నుంచి రాలిన ముక్కలు లోపల పోగైతే, వాటిని బట్టి ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ బీటా లాక్టమేజ్ తయారీ మొదలవుతుంది. దీన్ని ‘ఆనవాలు పట్టడం’ అంటే సరిపోతుంది. ఈ తేడా చెప్పడానికి తెలుగులో రెండు మాటలుండటం మన అదృష్టం.

సిరొంచ నుంచి:
పసిగట్టాక లొంగకపోవడాన్ని కంటితో చూపించే పరీక్ష డి టెస్ట్. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాను 0.5 మెక్‌ఫర్లాండ్ (ద్రవం ఎంత మసకబారిందో చెప్పే కొలత) మసకకు కలిపి, క్రిములను పెంచే ముల్లర్ హింటన్ అగర్ మీద పూసి, మందు అద్దిన కాగితపు బిళ్లలు రెండు, అంటే 15 మైక్రోగ్రాముల ఎరిత్రోమైసిన్ బిళ్లనూ 2 మైక్రోగ్రాముల క్లిండామైసిన్ బిళ్లనూ 15 నుంచి 26 మిల్లీమీటర్ల ఎడంలో పెడతారు. 35 డిగ్రీల దగ్గర 16–18 గంటలు ఉంచితే, క్రిమి పసిగట్టే రకమైతే, క్లిండామైసిన్ బిళ్ల చుట్టూ క్రిమి పెరగని వలయం ఎరిత్రోమైసిన్ వైపు చదునై ఇంగ్లిష్ ‘డి’ అక్షరంలా కనిపిస్తుంది. ఎరిత్రోమైసిన్‌ను పసిగట్టి క్రిమి తన రైబోజోమ్‌కు (ఈ మందులు అంటుకునే, ప్రోటీన్లు తయారుచేసే భాగానికి) మిథైల్ గుంపు తగిలిస్తుంది, దాంతో క్లిండామైసిన్ కూడా అంటదు. బిళ్లలు మరీ దూరమైతే చదును కనిపించదు, లొంగని క్రిమిని లొంగేదని రాసేస్తారు. రోగికి నష్టం అక్కడే.

పర్లాకిమిడి నుంచి:
‘నిరోధకత’ మాటేమిటి?

బరంపురం నుంచి:
‘రోగనిరోధకత’ మనకు మేలు చేసేది. అదే మాట క్రిమికీ వాడితే పిల్లలు తికమకపడతారు. ‘మందుకు లొంగని’ చాలు. ‘పెంచుకుంటుంది’ కూడా వద్దు. చాలాసార్లు జన్యువులో మార్పు యాదృచ్ఛికంగా వస్తుంది, మందు మిగతావాటిని చంపేశాక అదొక్కటే మిగిలి పెరుగుతుంది. అక్కడ పసిగట్టడమే లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లల చదువు వాడుక మాటల్లో సాగాలని పోరాడిన ఊరు మీది, గోడపత్రికలో ఇలా రాయండి:

‘కొన్ని క్రిములు మందును పసిగట్టి తప్పించుకుంటాయి. కొన్ని ముందే లొంగనివిగా ఉండి, మిగతావి చచ్చాక పెరుగుతాయి. మారేది క్రిమి, మన ఒళ్లు కాదు.’