ఈ వారం సమస్య: కప్ప గెలిచె రాజు తప్పుకొనియె

నిర్వాహకురాలు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి.

*కప్ప గెలిచె రాజు తప్పుకొనియె*

ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు). క–త లకు యతి ఎలా కుదిరిందని కంగారు పడకండి, అది కప్ప–తప్పు ప్రాసయతి, అంటే మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలవడం. వానాకాలం కప్పలు వద్దు, బావిలో కప్ప అసలే వద్దు. దత్తాంశం హీబ్రూ లేఖనాల్లోని నిర్గమకాండం, 7 నుంచి 11వ అధ్యాయం దాకా. బానిసలైన ఇశ్రాయేలీయుల్ని ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో వదలనన్నాడని, ప్రవక్త మోషే ద్వారా దేవుడు ఆ దేశం మీదికి పంపిన పది తెగుళ్లలో కప్పలది రెండోది. నదిలోంచి ఎక్కి వచ్చి పడకల మీదికి, పొయ్యిల్లోకి, పిండి పిసికే తొట్లలోకి చేరాయి. అప్పుడు ఫరో కొలువులోని శకునగాళ్లు చేసిన ఘనకార్యం ఏమిటంటే, తామూ ఇంకొన్ని కప్పల్ని రప్పించడం! ఉన్నవాటిని పంపించడం మాత్రం వాళ్ల వల్ల కాలేదు. ఇక మీ ఇష్టం, కానివ్వండి.

ఉప్పుటేరు:
మోషె యడిగె నెపుడు ముగియవలయు నంచు
రేపు చాలు ననుచు రేడు పలికె
రాత్రి మంచమందు రాజ్య మెవరిదోయి?
కప్ప గెలిచె రాజు తప్పుకొనియె

కప్పలు పోవాలని ఎప్పుడు ప్రార్థించమంటావని మోషే అడిగితే ఫరో చెప్పిన జవాబు ‘రేపు’ (8:10). ఇల్లంతా కప్పలు పెట్టుకుని ఎవరైనా రేపు అంటారా? నాకు ఆ అధ్యాయంలో అన్నిటికన్నా నచ్చిన మాట అదే.

రిటైర్డు మాస్టారు:
మూడో పాదం బాగా కుదిరిందయ్యా. పక్క మీద రాజు ఒక మూలకి జరిగి కప్పకి చోటిచ్చినట్టు కళ్లకు కట్టింది. ‘తప్పుకొనియె’కు ఇంతకన్నా సహజమైన సందర్భం దొరకదు. మోషే అనే పేరును ‘మోషె’ అని కుదించావు, సూర్యగణంలో దాన్ని ఇమడ్చాలంటే తప్పదు, పరవాలేదు. ‘రేపు’ మీద నా ఊహ కూడా చెబుతాను. ఇవాళే పోతాయేమో, వాటంతట అవే పోయాయని చెప్పుకోవచ్చు, అప్పుడు మోషేకి బాకీ పడక్కర్లేదు అని లెక్క వేసుకుని ఉంటాడు. అప్పులవాడి బుద్ధి.

కొత్తగా వచ్చా:
మొదటిసారి రాస్తున్నానండి, తప్పులుంటే చెప్పండి.

దేవుని ఓర్పు ఎంతో పెద్దది చూడండి
రాతి కన్న గట్టి రాజు గుండె
దేవుడు కాస్త ఊరట ఇస్తే మళ్లీ మొదలు
కప్ప గెలిచె రాజు తప్పుకొనియె

నిర్వాహకురాలు:
స్వాగతం! రెండో పాదం నిక్షేపంగా ఉంది, ముట్టుకోవద్దు. ఒకటీ మూడూ వచనం. ‘దేవుని’ అంటే గురువు, లఘువు, లఘువు. అది భగణం, ఇక్కడ సూర్యగణం కావాలి. మీ భావం చెడకుండా ఇలా మార్చి చూశాను:

దేవు నోర్పు చూడఁ దీరని కడలిరా
రాతి కన్న గట్టి రాజు గుండె
కొంత యూపి రాడఁ గొయ్యబారిన వాడు
కప్ప గెలిచె రాజు తప్పుకొనియె

‘ఊరట’ అన్నారు చూడండి, అది సరిగ్గా మూలంలో ఉన్న మాట. కప్పలు చచ్చి కుప్పలు పడ్డాక, దేశం కంపు కొడుతుండగా, ఫరో తనకు ‘రెవాఖా’ దొరికిందని చూసి గుండె బిగించుకున్నాడు (8:15). కాస్త ఊపిరి సలిపే వీలు అన్నమాట. ముక్కులో ఆ కంపు ఉండగానే మాట తప్పాడు! వచ్చే వారం గణవిభజన చేసి మరీ పెట్టండి.

తీరిక లేదు:
కర్ర తోడఁ గొట్టఁ గప్ప రెండై దూకె
రెండు నాల్గు లాయె దండు గాదె
కొట్టుకొలది పుట్టెఁ గోటలో, నొక్కటే
కప్ప గెలిచె రాజు తప్పుకొనియె

ఉప్పుటేరు:
మొదట దండు అన్నారు, చివర ఒక్కటే అన్నారు. ఏదో ఒకటి తేల్చండి.

తీరిక లేదు:
సమస్యలో ‘కప్ప’ ఏకవచనం కదా, దానికి సమర్థన వెతికితే దొరికింది. తెలుగు బైబిల్లో 8:6 (హీబ్రూ ప్రతుల్లో అదే 8:2) దగ్గర కప్పలు అని ఉంటుంది గానీ, హీబ్రూలో ఉన్నది ఏకవచనమే, ‘కప్ప ఎక్కి వచ్చింది’ అని. గుంపును ఏకవచనంలో చెప్పడం ఆ భాషలో మామూలే. కానీ రబ్బీలు (యూదు మతపండితులు) ఊరుకోరుగా! వాళ్ల చర్చల గ్రంథం తల్మూద్‌లో సన్హెద్రిన్ భాగంలో రబ్బీ అకీవా, వచ్చింది ఒక్క కప్పే, అదే ఐగుప్తంతా నింపేసిందన్నాడు. రబ్బీ ఎలాజార్ బెన్ అజర్యాకి ఒళ్లు మండింది. నీకెందుకయ్యా ఈ కథలు, నీ ధర్మశాస్త్రం నువ్వు చూసుకో, ఒక కప్ప ఈల వేస్తే మిగతావి వచ్చాయి, అంతే అన్నాడు. అంటే మొదట వచ్చింది ఒక్కటే అని ఆయనా ఒప్పుకున్నట్టే! తర్వాత మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రాషీ తన వ్యాఖ్యానంలో కర్రదెబ్బల సంగతి చేర్చాడు. కొట్టిన కొద్దీ అది గుంపులు గుంపులుగా పుట్టించిందట. నా పద్యం అదే.

రిటైర్డు మాస్టారు:
తీరిక లేదంటూనే తల్మూద్ దాకా వెళ్లొచ్చావు! కొట్టేవాడికి కొట్టడం మానాలని తోచకపోవడమే ఇందులో రుచి. రెండో పాదంలో రెండు–దండు ప్రాసయతి కూడా సమస్య పాదానికి జోడుగా ఉంది. ‘గాదె’ మాత్రం పాదం నింపడానికి వచ్చింది, దాచలేవు.

మల్లెతీగ:
నాది విరుపు పూరణ, మాటల్ని వేరేగా విరిచి అర్థం మార్చాను. ఇందులో కప్పే లేదు!

దేవు నాజ్ఞ వినిన తీరున గుంపులై
నీటి దండు లేచి నేల కెక్కి
పొయ్యి తొట్టి యనక పురమెల్ల దేశమ్ము
కప్ప గెలిచె, రాజు తప్పు కొనియె

‘కప్ప’ అంటే కప్పగా. ‘తప్పు కొనియె’ అంటే తప్పును కొనుక్కున్నాడని.

నిర్వాహకురాలు:
చప్పట్లు! తెలుగు బైబిల్లో ఈ చోట కప్పలు దేశాన్ని కప్పాయనే ఉంటుంది. ఆ శ్లేష మన భాష ఇచ్చిన వరం, హీబ్రూలో లేదు. ‘దేశమ్ము గప్ప’ కావాలి కదా అని ఎవరైనా అడగబోతే ముందే చెబుతున్నాను, ప్రథమ మీది పరుషాలకు గసడదవలు బహుళం, అంటే ప్రథమా విభక్తి తర్వాత క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు కావచ్చు, కాకపోవచ్చు. ‘కప్ప’ అలాగే ఉండొచ్చు. నా అభ్యంతరం వేరు. కప్పింది నీటిదండు, సరే, గెలిచిందెవరు? కర్త ఎక్కడా లేడు.

మల్లెతీగ:
దేవుడేనండీ. తెలుస్తుందనుకున్నా. మొదటి పాదం ఇలా మారిస్తే?
*దేవు డాజ్ఞ యిచ్చెఁ దెరలు తెరలుగాను*

నిర్వాహకురాలు:
ఇప్పుడు నిలబడింది. ‘తెరలు తెరలుగా’ నీటికీ సరిపోయింది.

రిటైర్డు మాస్టారు:
నేనూ ఒకటి పెడతాను.

మాట యిచ్చు, మరల మాటకు నిలువడు
తక్కెడాయె గుండె దర్పమెక్క
నీక తోడఁ దూచ హృదయమ్ము బరువయ్య
కప్ప గెలిచె రాజు తప్పుకొనియె

కప్పల తక్కెడ అన్న మన మాట మనసులో పెట్టుకుని రాశాను. మూడో పాదానికి కాస్త వివరణ కావాలి. చనిపోయినవాడి గుండెను తక్కెడలో పెట్టి, రెండో పళ్లెంలో సత్యదేవత మాత్ ఈకను పెట్టి తూచుతారని ఐగుప్తు వాళ్ల నమ్మకం. గుండె బరువెక్కితే అమ్మిత్ అనే మృగం దాన్ని మింగేస్తుంది. ఇప్పుడు హీబ్రూ కథ చూడండి. ఫరో గుండెకు అక్కడ మూడు రకాల మాటలు వాడారు. గట్టిపడటం, కరడుకట్టడం, బరువెక్కడం. కప్పల ఘట్టంలో ఉన్నది మూడోది, ‘కావేద్’ ధాతువు. తెలుగులో అన్నిటికీ కఠినమే గనక మనకి ఈ తేడా కనబడదు. ఐగుప్తు రాజుకి బరువైన గుండె అంటగట్టిన కథకుడికి ఆ తక్కెడ సంగతి తెలుసనే నా నమ్మకం. పైగా ‘మహిమ’ అన్న మాటదీ అదే ధాతువు. ఎర్రసముద్రం దగ్గరికి వచ్చేసరికి (14:4) ఫరో వల్ల నాకు మహిమ కలుగుతుందని దేవుడు అంటాడు. బరువెక్కింది రాజు గుండె, బరువు పెరిగింది దేవుడి పేరుకి.

ఉప్పుటేరు:
మాస్టారూ, వివరణ పద్యాన్ని మించిపోయింది. వివరణ తీసేస్తే ఆ తక్కెడలో కప్ప ఎందుకుందో అర్థం కాదు. ‘కప్పల తక్కెడ’ అన్న మాట పద్యంలోనే ఎక్కడో తగలాలి.

రిటైర్డు మాస్టారు:
ఒప్పుకుంటున్నాను. నాలుగు పాదాల్లో రెండు దేశాలు పట్టలేదు.

కందిరీగ:
తట్టె దైవ మెంతొ తాల్మితో గుండియ
తలుపు; తీయ డాయె ధరణిపతియు
మొండితనము చేత మూసిన తాళపు
కప్ప గెలిచె రాజు తప్పుకొనియె

మీ అందరి కప్పలూ నీళ్లలోవి. నాది ఇనుపది!

మల్లెతీగ:
అబ్బా, తాళం కప్ప! ఇది నాకెందుకు తట్టలేదు?

ఉప్పుటేరు:
పద్యం గొప్పగా ఉంది, కానీ తాళం వేసిందెవరు? యెహోవాయే ఫరో హృదయాన్ని కఠినపరిచాడని కథలో ఉంది కదా. వేసిందీ ఆయనే, తట్టిందీ ఆయనే అయితే ఓర్పు అని ఎలా అంటాం?

కందిరీగ:
వరసగా చదివి చూశాను. అలా చేస్తానని దేవుడు ముందే మోషేతో చెప్పిన మాట నిజమే (4:21, 7:3). కానీ తెగుళ్లు మొదలయ్యాక మొదటి ఐదింటిలో గుండె గట్టిపడిందనో, ఫరోయే బిగించుకున్నాడనో ఉంటుంది. దేవుడు కఠినపరిచాడన్న మాట ఆరోది, దద్దుర్ల దగ్గర వస్తుంది (9:12). అక్కడితో అయిపోయిందా అంటే లేదు. ఏడోది వడగళ్లు. అవి ఆగగానే మళ్లీ ఫరోయే, ఈసారి సేవకులతో కలిసి మరీ! అందుకే ‘సగం వాడు, సగం వీడు’ అని గీత గీయలేం. షెమోత్ రబ్బాలో (నిర్గమకాండం మీద రబ్బీల వ్యాఖ్యానం) రబ్బీ రేష్ లఖీష్ మాట నాకు దారి చూపింది. దేవుడు మనిషిని ఒకసారి, రెండోసారి, మూడోసారి హెచ్చరిస్తాడట. వినకపోతే పశ్చాత్తాపం దొరక్కుండా ఆ గుండెకు తాళం వేస్తాడట. తాళం అన్న మాట ఆయనదే. నా పద్యంలో తాళం ఫరోదే, తాళంచెవి పోగొట్టుకున్నదీ ఫరోయే. చివరికి ఆ ఇంట్లో తాళమే యజమాని, అందుకే రాజు తప్పుకున్నాడు. ఇక ఓర్పంటారా, 9:15 చూడండి. ఈపాటికి నిన్ను తుడిచిపెట్టి ఉండేవాణ్ణే అంటూనే, రేపు వడగళ్లు పడతాయి, పశువుల్ని లోపలికి తోలించుకో అని చెబుతాడు.

ఉప్పుటేరు:
ఆ పశువుల మాట నేను గమనించలేదు. సరే, ఆలోచిస్తాను.

నిర్వాహకురాలు:
ఈ వారం ఇంత చర్చ మరే పద్యానికీ రాలేదు. రెండు సవరణలు. ‘ధరణిపతియు’లో ‘యు’ వట్టి పూరకం. రెండోది, తాళము + కప్ప అంటే ‘తాళపుఁ గప్ప’ కావాలి, అప్పుడు సమస్య పాదం ‘గప్ప’ అవుతుంది. మూడో పాదం మార్చండి.

కందిరీగ:
వాడుకలో తాళం కప్పేనండీ. ఎవరూ గప్ప అనరు.

నిర్వాహకురాలు:
వాడుక వేరు, పద్యం వేరు. మార్చండి.

కందిరీగ:
మారిస్తే తాళం పోతుంది. మార్చను.

నిర్వాహకురాలు:
మూడోసారి చెబుతున్నాను కందిరీగ గారూ.

కందిరీగ:
రేపు చూస్తాను.