ఎఫెసీ 2:8లో "ఇది మీవలన కలిగినది కాదు" అంటే ఏది?

బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రికలో చాలామందికి కంఠతా వచ్చిన వాక్యమే. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." ఇక్కడ "ఇది" అంటే విశ్వాసమా, కృపా, రక్షణా అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న, ఎందుకంటే తెలుగు వాక్యాన్ని ఎంతసేపు చూసినా ఇది తేలదు. మనకి ఆ మూడూ అమహద్వాచకాలే ("అది, ఇది" అని చెప్పుకునే పదాలు), మూడింటికీ "ఇది" సరిపోతుంది.

గ్రీకులో మాత్రం ఒక ఆధారం ఉంది. కృప (ఖారిస్), విశ్వాసం (పిస్తిస్) రెండూ స్త్రీలింగ పదాలు, "ఇది" అన్న సర్వనామం (తూతో) నపుంసకలింగం. అంటే ఆ రెండిట్లో ఏ ఒక్కదానికీ అది సూటిగా అతకదు. కృపచేత, విశ్వాసం ద్వారా రక్షింపబడటం అనే మొత్తం సంగతినే అది చూపిస్తోందని ఎక్కువమంది వ్యాఖ్యాతలు అంటారు, నాకూ అదే సరైనదనిపిస్తుంది. ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ కూడా ఇక్కడ వరం అన్నది రక్షణనే అని రాశాడు, ఆయన పేరు చెప్పుకునేవాళ్లలో చాలామంది విశ్వాసమే వరమని ఈ వచనాన్నే చూపిస్తారు కాబట్టి ఇది గమనించాల్సిన విషయం.

కానీ నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేవి విభక్తులు. కృప "చేత", విశ్వాసం "ద్వారా", క్రియల "వలన" కాదు. గ్రీకులోనూ మూడు చోట్లా మూడు వేర్వేరు నిర్మాణాలున్నాయి, మన అనువాదకులు ఆ తేడా చక్కగా నిలబెట్టారు. వెలుతురు కిటికీ ద్వారా లోపలికి వస్తుంది, కానీ కిటికీ వలన పుట్టదు. విశ్వాసం స్థానం అదే. "నేను గట్టిగా నమ్మాను కాబట్టి దేవుడు రక్షించాడు" అన్నప్పుడు తెలియకుండానే "ద్వారా" తీసేసి "వలన" పెట్టేస్తున్నాం, అప్పుడు విశ్వాసం కూడా ఒక క్రియ అయిపోతుంది, అతిశయానికి చోటు దొరుకుతుంది. సువార్తిక విశ్వాసానికి గుండెకాయ లాంటి మాట ఇది, ప్రసంగాల్లో ఇది జారిపోతే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

వ్యాఖ్య: "కృపచేతనే"లో ఆ ఏకారం మూలంలో ఉందాండీ? సంస్కర్త లూథర్ తన జర్మన్ బైబిల్లో రోమా 3:28లో విశ్వాసం పక్కన "మాత్రమే" చేర్చాడని తప్పుపట్టారు కదా, ఇదీ అలాంటిదేనా?

జవాబు: లేదండీ, "మాత్రమే" అని అర్థమిచ్చే మాట ఇక్కడ గ్రీకులో లేదు. ఐదో వచనంలో చెప్పిన "ఆ కృప" అన్నట్టు ఒక ఆర్టికల్ మాత్రం ఉంది. అయినా ఆ వెంటనే మీవలన కాదు, క్రియలవలన కాదు అని రెండుసార్లు తోసిపుచ్చాడు కాబట్టి ఏకారం పౌలు భావానికి బయటిది కాదు. లూథర్ 1522 అనువాదం గురించి కూడా ఆయన వాదన దాదాపు ఇదే, జర్మన్ నుడికారం ఆ మాట కోరుతుందన్నాడు.

వ్యాఖ్య: మరి యాకోబు 2:24 సంగతి? మనిషి నీతిమంతుడిగా ఎంచబడేది విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలముననూ అని స్పష్టంగా ఉందిగా.

జవాబు: ఉంది, దాన్ని పక్కకి నెట్టకూడదు. పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే ఉదాహరణగా తీసుకున్నారు, అతను దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అనే ఆదికాండం 15:6నే చూపించారు. పౌలు రోమా 4లో అబ్రాహాము సున్నతి పొందకముందే నీతిమంతుడిగా ఎంచబడ్డాడన్న దగ్గర ఆగి మాట్లాడతాడు, యాకోబు ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన ఆదికాండం 22వ అధ్యాయం దాకా వెళ్లి, ఆ విశ్వాసం బతికి ఉన్నదేనని అక్కడ చూపిస్తాడు. దయ్యాలు కూడా నమ్మి వణకుతాయని అన్నదీ యాకోబే, అంటే ఆయన కొట్టేస్తున్నది పెదవుల మీది ఒప్పుకోలుని. ఇంకోటి, ఎఫెసీ 2ని తొమ్మిదో వచనంతో ఆపి చదవడం అలవాటైపోయింది కానీ పదో వచనంలో "సత్‌క్రియలు చేయుటకై" సృష్టింపబడ్డాం అని ఉంది. తొమ్మిదిలో క్రియల "వలన" కాదు, పదిలో క్రియలు చేయడాని"కై". రెండు వచనాలూ కలిపి చదవండి, యాకోబుతో గొడవ చాలావరకు అక్కడే తీరిపోతుంది.